మా ముందు వెళ్లిన బోటు

దెయ్యాలు లేవని నేను చెప్పినన్నిసార్లు మా మల్కాపురంలో ఇంకెవరూ చెప్పి ఉండరు. నిమ్మకాయ కోస్తే రక్తం కారడం, నాలుక మీద కర్పూరం వెలిగించడం, నిప్పుల మీద నడవడం, ఇవన్నీ స్కూళ్లలో, కాలనీల్లో చేసి చూపించి, వెనకున్న కిటుకు విప్పి చెప్పినవాణ్ణి. పూనకాలనేవాళ్లతో, చేతబడి అనేవాళ్లతో గొంతు పోయేదాకా వాదించినవాణ్ణి. ఇది చదివి "పెద్దాయన మెత్తబడ్డాడు" అనుకునేవాళ్లుంటారు. అనుకోనివ్వండి. మెత్తబడలేదు. జరిగింది జరిగినట్టు చెప్పడం కూడా హేతువాదమే. మనకు గిట్టని సాక్ష్యాన్ని దాచిపెట్టడం పూజారులూ బాబాలూ చేసే పని, నాది కాదు.

నేను విశాఖ పోర్టులో టగ్గుల మీద ఇంజన్ డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. టగ్గంటే పెద్ద ఓడల్ని తోసి, లాగి బెర్తుకు చేర్చే చిన్న మొండి పడవ. మా నాన్న పోర్టు పని కోసం నిడదవోలు వైపు నుంచి వచ్చినవాడు. నా భార్య గౌరిది భీమిలి దగ్గర సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. మా పెళ్లి పురోహితుడు లేకుండా యూనియన్ ఆఫీసులో రెండు దండలతో జరిగింది.

గౌరి వాళ్లింట్లో వల బాగుచెయ్యడం ఆడవాళ్ల పని. చేపలు బుట్టలో పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మడం ఆడవాళ్ల పని. ఆ చేపల్ని తెచ్చిన బోటు మీద కాలు పెట్టడం మాత్రం తప్పు. ఆడది ఎక్కితే వేట పడదట, గంగమ్మకు కోపం వస్తుందట. అలలు ఇంటి గుమ్మం దాకా వచ్చే ఊళ్లో పుట్టి, యాభై దాటేదాకా గౌరి బోటెక్కలేదు.

ఈ ఆచారం పీక మీద కత్తి పెట్టింది ఆమె మేనకోడలికి. గౌరి తమ్ముడు ఎల్లాజీ కూతురు మౌనిక. మా దగ్గరుండి గాజువాక ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివింది. మాకు పిల్లల్లేరు, ఆ పిల్లే మా పిల్ల. ఇంజను మీద చెయ్యేసి జబ్బు చెప్పేస్తుంది. కానీ బోటులోకి దిగనిచ్చేవాళ్లు కాదు. చిన్న ఫైబర్ బోట్ల ఇంజన్లు విప్పి, భుజాన మోసి, గట్టు మీదకు తెచ్చి ఆమె ముందు పెట్టాలి. మరబోటు ఇంజను అలా పైకి తేవడం ఎవరి తరం? అసలు పనంతా మరబోట్ల మీదే ఉంది. ఆ పని మొత్తం మగ మెకానిక్కులకు పోతుంటే ఈ పిల్ల జెట్టీ అంచున నిలబడి చూస్తూ ఉండేది. తన సొంత తండ్రి బోటుక్కూడా అంతే.

నేనూ గౌరీ ఒక పాత ఫైబర్ బోటు కొని, దానికి టార్పాలిన్ కప్పు వేయించాం. రాజమండ్రి దగ్గర గోదావరిలో దించి, కాలువల వెంట కొల్లేరు దాకా వెళ్లి, అక్కణ్ణుంచి ఉప్పుటేరు పట్టుకుని సముద్రంలో కలవాలని మా కోరిక. టగ్గు అలవాటు కొద్దీ బోటు ముక్కుకు పాత స్కూటర్ టైర్లు వరసగా కట్టాను. ఎక్కడైనా గుద్దుకున్నా దెబ్బ తగలదు. జెట్టీలో అందరూ నవ్వారు. ఎల్లాజీ అయితే మరీ.

"ఏటి బావా, బోటుకి మూతి పళ్లు కట్టించావా?" అన్నాడు.

నేను ఊరుకోలేదు. మౌనిక సంగతి ఎత్తాను. రాజ్యాంగం దగ్గర మొదలుపెట్టి గంగమ్మ దాకా వెళ్లాను.

"బావా, నీ ఉపన్యాసాలు ఇని ఇని నా సెవులు సిల్లులు పడిపోనాయి. మాటలెందుకు? మా అక్కని నడపమను, గోదారి కాడ్నుంచి ఉప్పుటేరు మొగ దాకా. నీ సెయ్యి సుక్కాని మీద పడకూడదు. అప్పుడు నా కూతుర్ని నా బోటు ఎక్కిస్తాను."

"ఎక్కిస్తే సరిపోద్దేటి? ఇంజను ముట్టుకోనిస్తావా?" అంది గౌరి.

"ముట్టుకోనిస్తాను."

"మాటేనా?"

"మాటే. నువ్వు నిడదవోలు దాటవు గానీ అక్కా!"

మేం బయల్దేరే రోజుల్లో ఎల్లాజీ బోటు నరసాపురం వైపు వేటలో ఉంటుంది. ఫలానా రోజు మధ్యాహ్నం పోటు మీద మొగలోకి వస్తానన్నాడు. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. అక్కడ ఇసుక మేట వేసి ఉంటుంది, పోటు ఉన్నంతసేపే మరబోటు లోపల నిలవగలదు. పోటు తగ్గే లోపు మేం రాకపోతే పందెం పోయినట్టే, మౌనిక జెట్టీ మీదే ఉండిపోయినట్టే.

గౌరి భీమిలి దగ్గర గోస్తని నీళ్లలో బోటు నడపడం నేర్చుకుంది. నేర్పింది నేనే, కానీ నాకంటే బాగా నడుపుతుందని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. అలను నేను లెక్కగట్టి చూస్తాను, ఆమె ఒంటితో చూస్తుంది.

చలికాలం మధ్యలో రాజమండ్రిలో బోటు దించాం. ఆ మొదటి రోజు ఆనందం ఎలా చెప్పను! వెడల్పాటి గోదావరి, పైన వంతెన మీద రైలు కూత, తలకు తువ్వాలు చుట్టుకుని చుక్కాని పట్టుకున్న నా భార్య. నడిమధ్యకు రాగానే గట్టిగా ఒక కేక వేసింది. ఎందుకంటే ఊరికే. నేనూ వేశాను. ఇద్దరం ముసలాళ్లం పిచ్చాళ్లలా అరుచుకుంటూ విజ్జేశ్వరం వైపు వెళ్లి కాలువలో ప్రవేశించాం.

కాలువ గట్ల వెంట పిల్లలు పరుగెత్తేవాళ్లు. రేవుల్లో బట్టలుతికే ఆడవాళ్లు "ఆవిడే నడుపుతున్నారర్రా!" అని ఒకళ్లనొకళ్లు పిలుచుకునేవాళ్లు. కొన్నిచోట్ల లాకులు పనిచెయ్యవు. కాలువలో నీటి మట్టాలు మారేచోట పడవల్ని దించడానికి కట్టిన పాత తలుపులవి. తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. అక్కడ ట్రాక్టరు తెప్పించి, బోటును ట్రక్కు మీద ఎక్కించి అవతల దించుకునేవాళ్లం. సాయంత్రానికి మౌనిక ఫోను.

"మావా, ఇంజను ఎలాగుంది? ఇంకా ఎక్కిళ్లు పడతందా?"

మా ఇంజనుకు ఒక జబ్బు ఉంది. వేగం తగ్గిస్తే మధ్యమధ్య ఒక దెబ్బ తప్పిపోయి, వెంటనే రెండు కలిపి కొడుతుంది. మౌనిక ఎంత విప్పి కట్టినా అది పోలేదు. మేం దానికి ఎక్కిళ్లని పేరు పెట్టుకున్నాం.

నిడదవోలు దాటాక ఒక రేవులో టీకి ఆగాం. కొట్టు నడిపే ఆవిడ గౌరిని చూసి నవ్వింది.

"మళ్లీ వచ్చేశారేంటండీ? ఇందాకే కదండీ టీ తాగి వెళ్లారు. మీ అమ్మాయేదండీ?"

మేం ఇప్పుడే వస్తున్నామని చెప్పాను. ఆవిడ నమ్మలేదు, తను చూసింది ఇదీ అని చెప్పింది. ముక్కుకు టైర్లు కట్టిన బోటు, తలకు తువ్వాలు చుట్టుకున్న ఆవిడ, ఇంజను దగ్గర కూర్చున్న ఒక అమ్మాయి.

"మగాళ్లెవరూ లేరండి ఆ బోట్లో. మిమ్మల్ని ఇప్పుడే చూట్టం" అంది నాతో.

గౌరి ముఖం వెలిగిపోయింది. "ఇంకో ఆడది కూడా నడుపుతందండీ! పట్టుకుందాం పదండి!"

నాకూ అంతే హుషారు. తువ్వాలు చుట్టుకుంటే సగం మొహం కనబడదు, ఎవరైనా ఒకేలా ఉంటారు. టైర్లు ఇంకెవరికైనా తట్టి ఉండొచ్చు, పోర్టులో పనిచేసింది నేనొక్కణ్ణే కాదు. టీ గబగబా తాగేసి వేగం పెంచాం.

తాడేపల్లిగూడెం దాటాక మళ్లీ ఒక చెడిపోయిన లాకు వచ్చింది. ట్రాక్టరు డ్రైవరును అడిగాను, మా ముందు ఇంకో బోటును దాటించావా అని. "ఇక్కడ బోటు దాటించి చాన్నాళ్లయిందండి. అసలు పడవలెక్కడున్నాయండీ ఇప్పుడు?" అన్నాడు. సరే, ఆ బోటు వెనక్కి వెళ్లిపోయి ఉంటుందనుకున్నాను.

లాకు దాటి కొంచెం దూరం వెళ్లామో లేదో, గేదెల్ని కడుగుతున్న ఇద్దరు మగవాళ్లు మమ్మల్ని చూసి నిలబడిపోయారు. ఒకతను గౌరిని చూపించి రెండోవాడితో, "ఇందాక వెళ్లింది ఈవిడే కదరా?" అన్నాడు. తర్వాత నన్ను చూసి, "ఈయన అప్పుడు లేడు" అన్నాడు.

తలుపులు బిగుసుకున్న లాకు. బోటు ఎగిరి దాటదు కదా. నాకు ఒళ్లు జలదరించిందని రాస్తే అబద్ధం. నాకు కోపం వచ్చింది, దాంతోపాటు గొప్ప ఉత్సాహం వచ్చింది. ఇది ఎల్లాజీ ఆడిస్తున్న నాటకం! టైర్లు కట్టిన రెండో బోటును లారీలో తెప్పించి, మమ్మల్ని భయపెట్టి వెనక్కి పంపాలని చూస్తున్నాడు. ఎన్ని దొంగ దెయ్యాల్ని పట్టుకున్నాను నేను! దీన్నీ పట్టుకుంటాను.

"మా తమ్ముడికి అంత బుర్ర లేదండీ" అంది గౌరి.

ఎల్లాజీకి ఫోను చేశాను. సముద్రం మీదున్నాడు, కలవలేదు. మౌనికకు చేశాను. మొగ దగ్గరకు రావడానికి ఆ పిల్ల అప్పటికే విశాఖలో రైలెక్కింది. వెనకాల పల్లీలమ్మేవాడి అరుపు వినిపిస్తోంది. నువ్వు బోటులో ఏమైనా ఉన్నావా అని అడిగితే పగలబడి నవ్వింది. "నాను బోటెక్కడానికేగా మావా మీరీ తిప్పలు పడతన్నారు!"

భీమడోలు దగ్గర కాలువ వదిలి, బోటును మళ్లీ ట్రక్కెక్కించి కొల్లేరులోకి పోయే డ్రెయిన్లో దించాం. మర్నాడు తెల్లవారుతూనే బయల్దేరాం. మధ్యాహ్నం పోటుకు మొగలో ఉండాలి.

కొల్లేరు మీద అంత మంచు ఉంటుందని నేను అనుకోలేదు. పొద్దెక్కినా విడలేదు. పైన వెలుగు ఉంది, కానీ బోటు ముక్కు దాటి ఏమీ కనబడదు. దారి అని చెప్పుకునే కాలువంతా గుర్రపుడెక్క కమ్మేసింది. ఆ తూళ్లు ఇంజను రెక్కకు చుట్టుకుపోతున్నాయి. నేను వంగి కోసి తియ్యడం, మళ్లీ కాస్త దూరం పోవడం, మళ్లీ ఆగడం. ఫోనులో మ్యాపు చూస్తే మేం చెరువు గట్ల మధ్య తిరుగుతున్నామని చూపిస్తుంది, కాసేపటికి గట్ల మీదే ఉన్నామంటుంది. ఉప్పుటేరు ఏ దిక్కునుందో తెలియదు. టైము గడిచిపోతోంది. మొగలో పోటు మా కోసం ఆగదు.

ఒకసారి బోటు పూర్తిగా డెక్కలోకి దూరిపోయింది. నా చెయ్యి దానంతటదే చుక్కాని మీదకు వెళ్లింది. గౌరి ఫట్మని కొట్టింది.

"సెయ్యి తియ్యండి! ఇంత దూరమొచ్చి పిల్ల నోట్లో మట్టి కొడతారా?"

అప్పుడు వినిపించింది ఇంజను చప్పుడు.

కొంచెం ఎడంగా, ముందు. ఇంజన్ల మధ్య బతికినవాణ్ణి. మనుషుల గొంతు గుర్తుపట్టినట్టు ఇంజను గొంతు గుర్తుపడతాను. ఒక దెబ్బ తప్పిపోయింది, వెంటనే రెండు కలిపి కొట్టింది. మా ఇంజను ఎక్కిళ్లే.

ప్రతిధ్వని అనుకున్నాను. మంచులో చప్పుళ్లు తిరిగొస్తాయి. "ఇంజను ఆపు" అన్నాను. గౌరి ఆపింది.

అది ఆగలేదు.

మా ఇంజను కదలకుండా, నిశ్శబ్దంగా నా చేతి కింద ఉంది. ముందున్న ఇంజను మెల్లగా, ఎక్కిళ్లు పడుతూ, ఒకేచోట నిలబడి తిరుగుతోంది. మా కోసం ఆగినట్టు. గౌరి మళ్లీ స్టార్టు చేసింది. అది కదిలింది.

గౌరి చప్పుడు వైపు బోటు తిప్పింది. కొంచెం పోయేసరికి డెక్క రెండుగా చీలి ఉంది. మా బోటు వెడల్పంత దారి. రెండు పక్కలా ఆకులు ఇంకా ఊగుతున్నాయి. నీటి మీద నురగ పగలడం కూడా చూశాను. పొగ వాసన ముక్కుకు తగిలింది. ఇవి కలలో కనబడినవి కావు, మెలకువగా, వాదనకు సిద్ధంగా ఉన్న మనిషి చూసినవి.

ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు. ఆ చీలిన దారి అంచున గూడబాతులు గుంపుగా కూర్చుని ఉన్నాయి. మా బోటు దగ్గరికి రాగానే రెక్కలు టపటప కొట్టుకుంటూ ఒక్కసారిగా లేచాయి. మా ముందు ఆ దారినే ఒక బోటు వెళ్లి ఉంటే అవి అక్కడ కూర్చుని ఉండకూడదు కదా? వెళ్లకపోతే దారి చీల్చిందెవరు?

మంచు ఒక్క క్షణం పలచబడింది. ముందు ఒక బోటు వెనక భాగం కనిపించింది. చుక్కాని దగ్గర నిలబడి ఒక ఆడమనిషి, తలకు తువ్వాలు. ఇంజను మీదకు వంగి ఇంకో సన్నటి ఆకారం. "ఓయ్! ఆగండి!" అని అరిచాను. పట్టుకోబోతున్నానన్న సంబరం నాది. గౌరి మాత్రం ముందుకు వంగి, కళ్లు పెద్దవి చేసి, నవ్వుతోంది.

మంచు మళ్లీ మూసుకుంది. ఆ తర్వాత విడేసరికి మేం ఉప్పుటేరులో ఉన్నాం. ముందు చాలా దూరం ఏరు తిన్నగా, ఎండలో మెరుస్తూ, ఖాళీగా ఉంది. చప్పుడు లేదు.

గౌరి పూర్తి వేగం అందుకుంది. వంతెనల కింద నుంచి, రొయ్యల చెరువుల పక్కనుంచి దూసుకుపోయాం. ముక్కు టైర్లకు నీళ్లు కొట్టి మొహాన పడుతుంటే ఆమె నోటికొచ్చిన పాట పాడుతోంది. ఉప్పు గాలి తగిలింది. మొగలో ఎల్లాజీ మరబోటు కనిపించింది. పోటు ఇంకా ఉంది. గట్టు మీద మౌనిక చున్నీ విప్పి ఊపుతోంది.

గెలిచాం!

బోటు ఆనుతూనే నేను అడిగిన మొదటి మాట, "మా ముందొచ్చిన బోటేది?"

"ఇంకో బోటేటి బావా? నాను ఇక్కడే ఉన్నాను. మీదొక్కటే వచ్చింది" అన్నాడు ఎల్లాజీ. మౌనికా అదే చెప్పింది. దారిలో ఏ చెరువు దగ్గరైనా ఆగిపోయి ఉంటుందన్నాను. అప్పటికి ఆ మాట నాకు సరిపోయింది.

ఇక పందెం. ఎల్లాజీ తల గోక్కున్నాడు. "బావ సెయ్యి సుక్కాని మీద పడలేదని ఏటి నమ్మకం? ఎవులు సూశారు?"

నాకు మండిపోయింది. సాక్ష్యం, మాట, మర్యాద అంటూ మొదలుపెట్టాను. మౌనిక ముఖం నల్లబడింది. అప్పుడు గౌరి నెమ్మదిగా జరిగింది చెప్పడం మొదలుపెట్టింది. టీ కొట్టు, లాకు, చీలిన డెక్క, మా కోసం నిలబడిన ఇంజను. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తియ్యలేదు.

ఎల్లాజీ నోరు తెరుచుకుని విన్నాడు. "సుక్కాని కాడ ఆడమనిషా? పక్కన ఆడపిల్లా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత చెప్పులు విడిచి, మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి చేతులు జోడించాడు.

"గంగమ్మే బోటు నడిపి దారి సూపించినాక, ఆడోళ్లు ఎక్కకూడదనడానికి నానెవుణ్ణి?"

నా జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. "గంగమ్మ కాదురా! పందెం గెలిచింది నీ అక్క! ఆ పిల్లకు చదువుంది, హక్కుంది, అందుకు ఎక్కించు! అంతేగానీ..."

గౌరి నా కాలు గట్టిగా తొక్కింది. మౌనిక నా చెవి దగ్గరకు వచ్చింది.

"మావా, నీ వాదం ఎక్కడికీ పోదు. పోటు పోద్ది. నన్ను ఎక్కనీ."

ఎక్కింది. తండ్రే చెయ్యి పట్టి ఎక్కించాడు. ఒక్క క్షణం డెక్కు మీద ఊరికే నిలబడి కింద పాదాలు చూసుకుంది. తర్వాత ఇంజను గదిలోకి దిగిపోయింది. కాసేపటికి లోపల్నుంచి కేక. "నానా! ఈ ఇంజనుకి ఆయిలు మార్చి ఎన్నాళ్లయింది? సిగ్గుండాలి!" బోటు మీదున్న మగాళ్లంతా నవ్వారు. ఎల్లాజీ ఆయిలు డబ్బా కోసం వెతికాడు. ఆ బోటు మీదే, సముద్రం మీదుగా, మౌనిక విశాఖ వెళ్లింది.

ఇంటికొచ్చాక నేను చెయ్యాల్సిన పని చేశాను. ఎల్లాజీ మనుషుల్ని విడివిడిగా అడిగాను. రెండో బోటు కొన్నదీ లేదు, లారీ ఎక్కించిందీ లేదు. మళ్లీ నిడదవోలు వెళ్లి టీ కొట్టావిణ్ణి అడిగాను. చెప్పిందే చెప్పింది. ఉప్పుటేరు వెంట చెరువుల వాళ్లను అడిగాను. టైర్ల బోటు ఒక్కటే చూశారు, అందులో మగవాడు ఉన్నాడు. అలసట వల్ల ఇద్దరికీ ఒకే భ్రమ కలిగిందందామా? గేదెలు కడిగేవాళ్లు అలిసిపోలేదు. గాలికి డెక్క విడిపోయిందందామా? ఆ పొద్దున గాలి లేదు, ఉంటే మంచు నిలిచేది కాదు. ఆగిన ఇంజనుకు ప్రతిధ్వని ఉండదు. ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క జవాబు అతికించగలను. అన్నీ కలిపితే ఏ జవాబూ నిలబడదు.

గౌరిని అడిగితే, "నాకు జవాబు అక్కర్లేదండీ, నాకు బోటు దొరికింది" అంటుంది.

మౌనిక ఇప్పుడు జెట్టీలో మరబోట్ల లోపలికి దిగి పనిచేస్తోంది. ఒక్కొక్కరుగా బోట్ల వాళ్లే పిలుస్తున్నారు. నేనిన్నేళ్లూ చెప్పిన వాదం విని కాదు, ఎల్లాజీ చెప్పిన కథ విని. ఆ కథలో ఇప్పుడు మంచులో వెలుగు కూడా వచ్చిందట. అది అబద్ధం, వెలుగేమీ లేదు, ఆ మాట ఎక్కడైనా గట్టిగా చెబుతాను.

కానీ జెట్టీకి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు నా దగ్గరకు వస్తారు. "బావా, మీరు దేవుణ్ణి నమ్మరు, మీరు అబద్ధమాడరు. సెప్పండి, మీ ముందు బోటు ఎల్లిందా?"

లేదంటే అబద్ధం. వెళ్లిందంటే వాళ్ల చేతికి ఇంకో అమ్మవారిని ఇచ్చినట్టు. అందుకని ఉన్నమాట చెబుతాను. బోటు నడిపింది గౌరి, ఇంజను బాగుచేసేది మౌనిక, ఇవి నాకు తెలుసు. ఆ ముందు బోటేమిటో నాకు తెలియదు.

వాళ్లు తల పంకించి, కళ్లు మూసుకుని, సముద్రం వైపు దణ్ణం పెట్టుకుంటారు. నేను తెలియదంటే వాళ్లకు ఔనని వినిపిస్తుంది. నేను మాత్రం తెలియదనే అంటున్నాను.